గంజి మీది తేట

నారాయణగూడలోని ఒక మహిళా డిగ్రీ కళాశాల హాజరు పట్టీలో పదహారేళ్లుగా "ఆయా-2" అని నమోదై ఉన్న మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఏమైంది? ఈ ప్రశ్నను ఆ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు అరుంధతి లిఖితపూర్వకంగా మూడుసార్లు అడిగింది. మూడు ఉత్తరాలకూ అందినట్టు రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు. రసీదుల మీద తేదీ, ముద్ర స్పష్టంగా ఉన్నాయి. ఆ విషయంలో కార్యాలయాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు.

ఆ మనిషి పేరు బుగ్గమ్మ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి భర్తతో కలిసి ఇళ్లు కట్టే పనికి వచ్చి, చిక్కడపల్లి వెనకాల బస్తీలో స్థిరపడి, చివరికి ఈ కళాశాలలో గదులు ఊడ్చి, గాజుసామాను కడిగే పనిలో కుదిరింది. ఆయా-1 పదకొండేళ్ల కిందటే పని మానేసింది. అయినా బుగ్గమ్మకు రెండు నుంచి ఒకటికి పదోన్నతి రాలేదు.

అరుంధతి పనిచేసేది పద్నాలుగో నంబరు గదిలో. అది ఒకప్పుడు ఆటసామాన్ల గది. ఇప్పటికీ వానాకాలంలో ఒక మూల నుంచి పాత వాలీబాల్ వాసన వస్తుంది. 2010లో ఢిల్లీ నుంచి చిన్న పరిశోధన గ్రాంటు మంజూరైతే, ఆ గదిని అడిగి తీసుకుని, ఆమె అందులో లేజర్లు తయారుచేయడానికి పూనుకుంది. ఆవగింజలో సగం మందం కూడా ఉండని లేజర్లు. వాటికి ఖరీదైన స్ఫటికాలు అక్కర్లేదు. బట్టలకు వేసే రంగులకు దగ్గరి చుట్టమైన ఒక కర్బన రంగును, రబ్బరులా సాగే పారదర్శకమైన ప్లాస్టిక్‌లో కలిపి, వెంట్రుక మందంలో సగం ఉండేట్టు పొరగా పోయాలి. ఆరేలోపు పైనుంచి ఒక అచ్చు ఒత్తి, కంటికి కనబడనంత సన్నని గీతలు ఒకే ఎడంతో పడేట్టు చూడాలి. ఆ పొర మీద ఆకుపచ్చ కాంతిని తళుక్కున పడేస్తే, గీతల ఎడాన్ని బట్టి ఒకే ఒక్క రంగు కిరణమై బయటికి వస్తుంది. పొరను రెండు అంచులా పట్టి సాగదీస్తే గీతల ఎడం పెరుగుతుంది. ఎడం పెరిగితే నారింజ రంగు ఎరుపవుతుంది. నీళ్లలో ఏ కల్తీ ఉందో కనిపెట్టాలంటే ఒక్కో కల్తీకి ఒక్కో రంగు కావాలి. రంగుకొక యంత్రం కొనే స్తోమత లేనివాళ్లకు, సాగదీస్తే రంగు మారే పొర ఒకటి చాలు. లెక్క కాగితం మీద తప్పులేకుండా ఉంది.

పొర మాత్రం గాజుపలకను వదిలేది కాదు. పైనున్న అచ్చు సులువుగానే ఊడొచ్చేది. కింద గాజుకు పొర అతుక్కుపోయేది. అంచు లేపి లాగితే చిరిగేది. బ్లేడుతో లేపితే ముడతపడేది. ముడతపడిన పొరలోంచి కిరణం రాదు.

2012 జులైలో ఒక మధ్యాహ్నం అరుంధతి అశోక్‌నగర్‌లోని ఇంటికి భోజనానికి వెళ్లి తిరిగొస్తూ, వానలో చిక్కుకుంది. గొడుగు గదిలోనే ఉండిపోయింది. ఉదయం గంజిపెట్టిన నారాయణపేట చీర తడిసి ఒంటికి చుట్టుకుపోయింది. ఆ అవతారంతోనే వచ్చి కూర్చుని ఆమె నలభై మూడో పొరను లేపింది. అది నలభై రెండింటి దారినే పట్టింది.

"ఏంది మేడమ్, పొద్దుగాల ఈ చీరె రేకు లెక్క నిలబడ్డది. ఇప్పుడు తడిసిన పిల్లి లెక్క అయింది" అంది బుగ్గమ్మ, సింకు దగ్గర బీకర్లు కడుగుతూ.

"చీర సంగతి తర్వాత. ఇది చూడు."

బుగ్గమ్మ చేతులు తుడుచుకుని వచ్చి, చిరిగిన పొరను చూసి పెదవి విరిచింది. "గట్ల గుంజితె చిరగదా? వడియాల బట్టను ఎన్నడన్న చూసిన్రా?"

"చూశాను."

"చూసుడు కాదు. తీసిన్రా?"

అరుంధతి వడియాలు తిన్నది, కొన్నది, ఒకసారి ఆకాశవాణిలో వాటి వెనుక ఉన్న విజ్ఞానం గురించి పదిహేను నిమిషాలు ప్రసంగించింది. తీయలేదు. ఆ పని అత్తగారిది.

"ఎండినంక బట్టను బోర్లేసి, ఎనకకెల్లి నీళ్లు చల్లాలె" అంది బుగ్గమ్మ. "బట్ట తడిస్తె వడియం అదే ఇడుస్తది. మనం గుంజొద్దు. గదే రావాలె."

"గాజులోంచి నీళ్లు ఇంకవు బుగ్గమ్మా."

"అయితె నడుమ ఒక బట్ట ఎయ్యున్రి."

"నేత అచ్చు పడుతుంది. కింది వైపు అద్దంలా నున్నగా ఉండాలి."

బుగ్గమ్మ అరుంధతి తడి చీర వైపు చూసింది. తర్వాత అడగకుండానే అరుంధతి పైట కొంగు అందుకుని పిండింది. నేల మీద తెల్లటి నీళ్లు కారాయి.

"మరి గిది పెట్టున్రి" అంది. "ఎండితె అద్దం లెక్క ఉంటది. తడిస్తె పోతది."

అరుంధతి ఆ నీళ్ల మడుగును చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె గంజిపెట్టిన చీరలే కడుతోంది. ముప్పై వానాకాలాల్లో అవి ఆమె ఒంటి మీదే కరిగాయి. ఆ రెండు సంగతులనూ కలిపి చూడటం ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఆమె నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంది.

మర్నాడు బుగ్గమ్మ స్టీలు డబ్బాలో గంజి తెచ్చింది. గాజుపలక మీద పోసి, వంచి, ఆరబెట్టింది. దాని మీద అరుంధతి రంగు కలిపిన ప్లాస్టిక్ పోసి, అచ్చు ఒత్తింది. మూడోనాడు పలకను ట్రేలోని నీళ్లలో ముంచి ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. పది నిమిషాలకు ఒక అంచు కదిలింది. పదిహేను నిమిషాలకు నలభై నాలుగో పొర, పాల మీది మీగడలా, తనంతట తాను నీళ్ల మీద తేలింది.

దాన్ని చట్రానికి బిగించి, ఇద్దరూ రంగు కళ్లద్దాలు పెట్టుకుని, ఆకుపచ్చ కాంతి పడేశారు. ఎదురుగా ఉన్న తెల్లకాగితం మీద సన్నని గీత వెలిగింది. దాని రంగును కొలిచే యంత్రం నారింజ అని చెప్పింది. అరుంధతి మర తిప్పింది. పొర సాగింది. అంకెలు మెల్లగా పెరుగుతూ పోయి, ఎరుపు దగ్గర ఆగాయి.

"అయిపోయిందా?" అంది బుగ్గమ్మ.

"అయిపోయింది."

"గింత ఎర్రగ కానీకె రెండేండ్లు పట్టిందా? గోరింటాకు నాకు ఒక్క రాత్రికి పండుతది."

అరుంధతి నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం బుగ్గమ్మ ఎరగదు. అంచేత కళ్లద్దాలు తీసి మరీ చూసింది.

వ్యాసం చిత్తుప్రతి ఆగస్టులో తయారైంది. అరుంధతి ఇంట్లో ఏ కాగితమైనా బయటికి పోయే ముందు ఆమె భర్త కిషన్ రావు చేతుల మీదుగా పోవాలి. ఆయనకు భౌతికశాస్త్రం రాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పేపర్లు చదివి వచ్చి, చిత్తుప్రతిని దస్తావేజును చూసినట్టు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూశాడు.

"ఆర్గానిక్ అని రాసినవు. కూరగాయలేనా?"

"కాదు. మీరు పేర్లు సరిచూడండి చాలు."

"మీద నీ పేరుంది. ఇంద్రసేన పేరుంది. మరి ఆ గంజామె?"

"కింద చూడండి. 'సహకరించిన కళాశాల సిబ్బందికి కృతజ్ఞతలు.'"

కిషన్ రావు కళ్లజోడు తీసి తుడిచాడు. "మా దగ్గర మీద ఉంటె హక్కుదారు, కింద ఉంటె సాక్షి. ఆమె సాక్షా?"

అరుంధతి ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. మూడు ఉత్తరాలు రాసి కార్యాలయాన్ని నిలదీసిన మనిషి, తన కాగితంలో తానే "సిబ్బంది" అని రాసింది. కార్యాలయం కనీసం ఒక నంబరైనా ఇచ్చింది. ఆమె ఆ పూట టీ తాగకుండానే లేచి వెళ్లి, బుగ్గమ్మ పేరును రెండో స్థానంలో చేర్చింది.

ఇంద్రసేనకు అది నచ్చలేదు. అతను నగరం చివరనున్న విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఎమ్మెస్సీలో అరుంధతికి రెండేళ్లు జూనియరు. ఆకుపచ్చ కాంతినిచ్చే పెట్టె అతనిదే, ఎరువు ఇచ్చాడు. వ్యాసం పంపేముందు ప్రయోగాన్ని తన ప్రయోగశాలలో మళ్లీ చేసి సరిచూడవలసిందీ అతనే. చెడ్డవాడు కాడు, పద్ధతి అంటే ప్రాణమిస్తాడు, అది ఎవరు పెట్టిన పద్ధతో మాత్రం అడగడు. విషయం తెలిసి నారాయణగూడ వచ్చి, పద్నాలుగో గదిలో కూర్చున్నాడు. బుగ్గమ్మ అతనికి చాయ్ ఇచ్చి వెళ్లింది.

"అక్కా, ఆమె చాయ్ మంచిగ పెడ్తది. పేపర్ల పేరు పెట్టుడు వేరే సంగతి."

"ఎందుకు వేరే?"

"రేపు ఎవరన్న ప్రశ్న అడుగుతరు. రచయిత అన్నంక జవాబు చెప్పాలె. రూల్ గదే."

"మంచి రూలు. రాసివ్వు."

"ఏంది రాసేది?"

"అదే. జవాబు చెప్పగలిగినవాళ్లే రచయితలు. రాసి, సంతకం పెట్టు."

ఇంద్రసేన నవ్వుతూ ఆమె నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. "నీకు ఇంకా కాలేజీ రోజుల కోపం పోలేదక్కా" అన్నాడు.

"తేదీ కూడా వెయ్యి."

సెప్టెంబరంతా ఇంద్రసేన ప్రయోగశాలలో పొరలు చిరిగాయి. మొదట ఫోను చేశాడు. తర్వాత మెయిలు చేశాడు. ఆ తర్వాత, కరెంటు కోత వేళ చూసుకుని, పన్నెండు పాడైన గాజుపలకలను అట్టపెట్టెలో పెట్టుకుని, ముఖం గంటుపెట్టుకుని వచ్చాడు.

"అక్కా, నువ్వు రాసినదాంట్ల ఒక్క అక్షరం తప్పకుండ చేసిన. ఒక్కటి లేవలె. ఇట్లయితే ఈ పేపరు పంపలేను. ఆమె పేరు సంగతి తర్వాత, నా పేరు సుత తీసేయమంట."

అరుంధతి నోటుపుస్తకం తీసి నలభై నాలుగో పొర అంకెలు మళ్లీ చూసింది. అంకెలు నిజం, పొర నిజం, ఎరుపు నిజం. అయితే ఇంకొకచోట ఇంకొకరి చేతిలో జరగనిదాన్ని నిజమని ఎవరూ అచ్చువేయరు. వ్యాసం ఆగిపోతే బుగ్గమ్మ పేరు చేరడానికి లోకంలో వేరే కాగితం లేదు.

బుగ్గమ్మ ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టి, ఒక పలకను కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. వేలి గోటితో గీకింది.

"గంజి ఎన్నటిది సారు?"

"ఏంది?"

"గంజి. ఎన్నడు చేసింది?"

"అప్పటికప్పుడు చేసిన. మందుల కంపెనీలకు ఇచ్చే రకం పిండి. తొంభై తొమ్మిది శాతం శుద్ధమైంది."

"గదే తప్పు."

ఇంద్రసేన అరుంధతి వైపు చూశాడు. అరుంధతి నోటుపుస్తకం వైపు చూసింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. తానే, ఈ చేతులతోనే, పద్ధతి వివరించే పేరాలో "నిన్నటి అన్నం గంజి" అని రాయడానికి సిగ్గుపడి "శుద్ధ పిండిపదార్థం, రెండు శాతం" అని రాసింది. అబద్ధమని తోచలేదు, మర్యాద అని తోచింది.

"తాజా గంజి ఎండితె రాయి లెక్క పట్టుకుంటది" అంది బుగ్గమ్మ. "చల్లనీళ్లకు పోదు. మీరు పాతబియ్యం ఒండి, వార్చి, బట్టల వడగట్టున్రి. ఒకరోజు పక్కకు పెట్టున్రి. జర పులుస్తది. మందంది కిందికి దిగుతది, మీద తేట నిలుస్తది. గా తేటనే పొయ్యాలె. మీరు కింది బురద సుత పోసిన్రు, గందుకే ఈ చుక్కలు."

"పులిస్తే ఏమైతది?"

"పులిసింది ఒక్క జాడింపుకే పోతది. మీ అంగీకి ఎసోంటిది పెడ్తరు?"

"తెల్వది. ఇస్త్రీ షాపుల ఇస్త."

"గందుకే తెల్వది."

ఇంద్రసేన పలకను చేతిలోకి తీసుకుని నిదానంగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "పులిస్తే పొడుగు గొలుసులు తెగుతయి. చిన్న ముక్కలైతయి. చిన్న ముక్కలు చల్లనీళ్లల్ల కరుగుతయి. పొడుగువి కరగవు." అని తలెత్తాడు. "ఇంకో మాట. ఎంతసేపు పులవాలె? ఎక్కువైతే?"

"రెండ్రోజులైతె జిగురు పోతది. పలక మీద నిలబడదు. ఎండకాలం ఒక పూట చాలు, చలికాలం ఒకటిన్నర రోజు. వాసన చూస్తె తెలుస్తది."

"వాసన ఎట్ల రాయాలె పేపర్ల?"

"గది మీ పని సారు. సదువుకున్నరు గద."

అరుంధతి నోటుపుస్తకం తెరిచి, అతని సంతకమున్న పేజీని బల్ల మీద పెట్టింది. "ఇప్పటిదాకా అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పింది ఎవరు?"

"బుగ్గమ్మ గారు" అన్నాడు ఇంద్రసేన. గారు అనేమాట అతని నోటినుంచి దానంతటదే, లాగకుండానే వచ్చింది.

"నువ్వు ఎన్నింటికి చెప్పావు?"

"రెండింటికి. ఒకటి తప్పయింది. ఇంకోటి, ఇస్త్రీ షాపుల ఇస్త అని."

బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని నవ్వింది. ఇంద్రసేన కూడా నవ్వాడు. వెళ్లేటప్పుడు, పద్ధతి అంటే ప్రాణమిచ్చే మనిషి కాబట్టి, నిన్నటి గంజి ఉంటే ఒక సీసాలో ఇమ్మని అడిగాడు. తర్వాతి వారం ఫోను వచ్చింది: పదమూడు పొరలు పోశాడు, పదమూడూ తేలాయి.

వ్యాసం పంపే రోజున ముగ్గురూ పద్నాలుగో గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. పత్రికవారి దరఖాస్తు ప్రతి రచయితకూ ఇంటిపేరు అడిగింది.

"నీ ఇంటిపేరు చెప్పు బుగ్గమ్మా."

"ఏది? పుట్టినింటిదా, అత్తగారింటిదా?"

"నీకు ఏది కావాలంటే అది."

బుగ్గమ్మ తెర మీది ఖాళీ గడిని చూసింది. "ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలె" అంది. "మా అమ్మది పెట్టొచ్చునా? గంజి నేర్పింది ఆమెనే. జోగు వాళ్ల బిడ్డ మా అమ్మ."

"పెట్టొచ్చు" అంది అరుంధతి. అలా పెట్టకూడదనే నియమమేదీ దరఖాస్తులో కనబడలేదు. కనబడినా ఆమె చూసి ఉండేది కాదు.

తర్వాతి గడి విద్యార్హత. ఖాళీగా వదిలితే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. "లేదు అని కొట్టక్కా" అన్నాడు ఇంద్రసేన.

"లేదు అంటే అబద్ధం అవుతుంది" అంది అరుంధతి. మర్యాద పేరుతో చేసే తప్పు ఒకసారికి చాలు. ఆమె ఆ గడిలో ఇంగ్లీషులో, వ్యాకరణం తప్పకుండా, "అన్నపు గంజి తయారీలో ముప్పై రెండేళ్ల అనుభవం" అని నింపింది. దరఖాస్తు మారుమాట లేకుండా తీసుకుంది. కార్యాలయాల కంటే యంత్రాలు నయమని ఆమె ఆ రోజు ఒప్పుకుంది.

2013 మార్చిలో వ్యాసం అచ్చయింది. పద్ధతి వివరించే పేరాలో "ఒకరోజు పులిసిన అన్నపు గంజి, పై తేట మాత్రమే" అని ఉంది. ఇంగ్లీషు అక్షరాలు రాని బుగ్గమ్మకు అరుంధతి తన వేలు పెట్టి పేరు చూపించింది.

"నా ముంగట ఎవరు?"

"నేను."

"నా ఎనక?"

"ఇంద్రసేన సారు."

"పాపం" అంది బుగ్గమ్మ.

కిషన్ రావు ఆ పేజీ చదివి, హక్కుదారుల క్రమం సరిగా ఉందని ధ్రువీకరించాడు. అరుంధతి దాన్ని జతచేసి కార్యాలయానికి నాలుగో ఉత్తరం రాసింది. నాలుగో రసీదు అందింది. జవాబు రాలేదు. హాజరు పట్టీలో మర్నాడు కూడా "ఆయా-2" అనే ఉంది.

అప్పుడు జరిగినది కార్యాలయంలో నలుగురు చూస్తుండగా జరిగింది. బుగ్గమ్మ రోజూలా వేలిముద్ర వేయడానికి సిరాదిండు దగ్గరికి వెళ్లలేదు. అరుంధతి చేతిలోని కలం అడిగి తీసుకుంది. వయోజన విద్య తరగతుల్లో, వాన కురిసే సాయంత్రాల్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. ఆ పట్టీలో వేలిముద్ర చాలన్నారు కాబట్టి ఇన్నాళ్లూ వాటితో పనిపడలేదు. "ఆయా-2" మీద ఒకే ఒక గీత కొట్టి, పక్కన జోగు బుగ్గమ్మ అని రాసింది.

"రిజిస్టర్ల కొట్టివేతలు ఉండొద్దమ్మా" అన్నాడు సూపరింటెండెంటు.

"తప్పు ఉన్నకాడ కొట్టాలె గద సారు."

దస్తావేజులో దిద్దుబాటు చెల్లాలంటే పక్కన మరొకరి పొడి అక్షరాలు ఉండాలని కిషన్ రావు ముందే చెప్పి పంపాడు. అరుంధతి ఆ గీత పక్కన తన పొడి అక్షరాలు వేసి, తేదీ వేసింది. సూపరింటెండెంటు పట్టీని చూసి, చూసి, మూసి, బీరువాలో పెట్టాడు. బుగ్గమ్మ వెళ్లి పద్నాలుగో గది తాళం తీసింది. ఆ వేళ పోయవలసిన పొరలు ఆరు ఉన్నాయి. తేట అప్పటికే నిలిచింది.

పేరు దొరికింది. పదహారేళ్లు అది ఎక్కడికి పోయిందో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. మీ ఆఫీసులోనూ ఒక హాజరు పట్టీ ఉంది. రేపు ఉదయం వెళ్లగానే దాన్ని తెరవండి. మీ గది ఊడ్చే మనిషి అందులో ఏ పేరుతో ఉందో చూడండి. అది పేరు కాకపోతే, ఆమెను పిలిచి అసలు పేరు, ఇంటిపేరుతో సహా అడగండి. కలం ఆమె చేతికి ఇవ్వండి. పక్కన మీ పొడి అక్షరాలు వేయండి. తేదీ మరచిపోకండి.